పూజాపుష్పమును చేప యెరువును

సంస్కృతినిగూర్చి యేదైన వ్రాసి యిమ్మని ఈ సంచికా సంపాదకులు కోరినప్పుడు మేము కొన్ని దినములు వెనుకాడితిమి. ఉద్యోగకాలమంతయు ఇతరులు చెప్పినది వ్రాసియు, ఇతరులు వ్రాసినదానికి నకలు తీసియు గడపిన గుమాస్తాకు సొంతముగా చెప్పదగిన దేమి యుండును? మెట్రిక్యులేషనుతో మా చదువు ముగిసెను. శాస్త్రచర్చ మావలన కాని పని. అయినను గడచిన మూడేండ్లుగా మా మేడమీది తామరతొట్లు మమ్మొక ప్రశ్న అడుగుచున్నవి. దానికి మాకు దొరికిన సమాధానము సగమే. ఆ సగమైనను విన్నవింపవచ్చునని ఈ కలము పట్టితిమి.

మా నివాసము బరంపురము. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమగునంతవరకు ఈ గంజాము సీమ మద్రాసు రాజధానిలోనిదే. పాలన మారినను మా వీధిలో తెలుగు మారలేదు. మా యింటికి కుడివైపున ఒక ఒడియా బ్రాహ్మణ కుటుంబము, ఎడమవైపున ఎనుబదియేండ్లు దాటిన ఒక తెలుగు ముదుసలి. ఆమెను మేము పిన్నిగారని పిలుతుము. చుట్టరికమేమియు లేదు; నలుబదియేండ్ల యిరుగుపొరుగు కలదు. ఆమె యింట ఉల్లిపాయ సైతము వండరు. మా యింట చేప వండుదురు. ఈ భేదమువలన మా రెండిండ్ల నడుమ ఏనాడును మాటపట్టింపు రాలేదు. వచ్చినది తామరపువ్వువలన.

తామరను తొట్టిలో పెంచుట నేడు పట్టణములలో వేడుకయైనది. కేరళ దేశమునుండి టపాలో దుంపలు వచ్చుచున్నవి. తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో నుంచి పంపుదురు. తొట్టి అడుగున ఎరువు, దానిపై జిగటమన్ను, ఆపైన జానెడు నీరు, దినమునకు ఆరుగంటల యెండ. ఇంతకుమించి అది కోరదు. కాని యెరువు విషయమున మాత్రము తామర గొప్ప తిండిపోతు. చెరువులో నున్నప్పుడు ఏండ్ల తరబడి పేరుకొన్న బురద దానికి భోజనము. ఆకులు కుళ్ళి, నత్తలు చచ్చి, పశువులు పొరలి, ఊరిమురుగు వచ్చి కలసి ఆ బురద యేర్పడును. తొట్టిలో అట్టి బురద యెక్కడిది? మా మొదటి యేటి పంట చెప్పుకొనదగినది కాదు. పళ్ళెమంత కావలసిన ఆకు తమలపాకంత వచ్చి ఆగిపోయెను. మొగ్గలు నీటిమట్టము దాటకమునుపే నల్లబడెను.

అప్పుడు మా దృష్టి వంటింటి పెరటిలో పారవేయు చేప వ్యర్థముమీద పడినది. మాకు రెండు విధముల చేప వచ్చును. ఒకటి గోపాలపురపు సముద్రములోనిది: కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, ఎప్పుడైన చందువ. రెండవది ఆంధ్రదేశపు చెరువులనుండి మంచుపెట్టెలలో లారీలమీద వచ్చు బొచ్చె, శీలావతి. దేనిని శుభ్రము చేసినను పొలుసు, మొప్పలు, పేగులు, రెక్కలు, తల కలిపి తూచినచో మొత్తము బరువులో మూడవవంతునకు తగ్గదు. ఇందులో నున్నదేమి? చేప మాంసకృత్తులమయము, మాంసకృత్తులలో నూటికి సుమారు 16 వంతులు నత్రజని. ముల్లులో సున్నమును భాస్వరమును కలసియున్నవి. మొక్కకు ఆకు నిచ్చునది నత్రజని. వేరునకును పువ్వునకును కావలసినది భాస్వరము. పొటాషియము మాత్రము చేపలో తక్కువ. ఆ లోటును పిడికెడు కట్టెబూడిద తీర్చును. అనగా మేము పెరటిలో కాకులకు విసరుచున్నది అంగడిలో సంచులకెక్కించి అమ్ము సరకే.

ఈ విద్య క్రొత్తది కాదు. సుమారు వెయ్యేండ్ల క్రిందటివాడైన సురపాలుని వృక్షాయుర్వేదములో కుణపజలమను ద్రవపుటెరువు చెప్పబడినది. ఆ గ్రంథపు వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరపు బోడ్లియన్ గ్రంథాలయమున నుండగా, దాని ప్రతిని తెప్పించి, నళినీ సాధలేగారు చేసిన ఆంగ్లానువాదముతో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషనువారు 1996లో ప్రకటించిరి. పంది, చేప, గొఱ్ఱె, మేక మొదలగువాని మాంసమును, క్రొవ్వును, మూలుగను నీట ఉడికించి, మట్టికుండలో పోసి, నువ్వుల తెలకపిండి, మినుముల కషాయము, తేనె, నెయ్యి, పాలు చేర్చి, వెచ్చని తావున పక్షము దినములు మురుగనిచ్చి చెట్లకు పోయుట దాని విధానము. కుణపమనగా పీనుగు. ఆ పేరును మా పాఠకులు ఒక్క నిమిషము తలపోయ వేడుచున్నాము. నేడు ఇట్టి ద్రవములను అమ్మువారు సీసాలమీద పచ్చని ఆకు బొమ్మయు, సముద్రపు అల బొమ్మయు వేసి సొంపైన పేరులు పెట్టుచున్నారు. పూర్వుడు మాత్రము పీనుగునీరనియే పిలిచెను. దానిని తోటకు పోయువానికి తాను పోయుచున్నదేమో తెలియక తప్పదు.

మా ప్రయోగములు మొదట అపహాస్యములైనవి. అమ్ముడుపోని ఎండునెత్తళ్ళు చవుకగా దొరికినవని తెచ్చి దంచి తొట్టి అడుగున వేసితిమి. వానియందు ఉప్పు కలదను సంగతి, ప్రతిదినము కూరలో తినుచుండియు, మేము మరచితిమి. పదిదినములలో ఆకుల అంచులు నిప్పంటినట్లు మాడినవి. మన్నంతయు తీసి, దుంపలు కడిగి, తిరిగి నాటవలసివచ్చెను.

రెండవమారు పచ్చి వ్యర్థమునే వాడితిమి. లోతుగా పూడ్చుటకు మారుగా, దుంపలు కదలునను భయముచేత పైపైననే కప్పితిమి. అయిదవనాటికి వాసన. ఏడవనాటికి నీరు మొదట పచ్చగను పిదప కాఫీ కషాయమువలెను మారెను. దోమపిల్లలను తినుటకై ఆ తొట్లలో మేము విడిచిన గప్పీ చేపలు వెల్లకిలబడి తేలినవి. చచ్చిన చేపను తెచ్చి బ్రతికియున్న చేపలను చంపితిమి. ఆనాడు మా మనుమడు ఒక చెంచాతో వానిని ఒక్కొక్కటిగా తీసి వరుసగా పేర్చి లెక్కించెను. ముప్పదియొకటి. అతడు మమ్మేమియు అనలేదు. లెక్క మాత్రము గట్టిగా చదివెను.

ఎందు కిట్లు జరిగెనో తరువాత తెలిసికొంటిమి. మాంసకృత్తు మురుగునప్పుడు అమ్మోనియా పుట్టును. మన్ను లోతున నున్నచో జిగటమట్టి రేణువులు దానిని పట్టి యుంచును. వేరు మెల్లమెల్లగా త్రాగును. తామరదుంప గాలిలేని ఆ బురదలో ఊపిరాడక చావదు. కాడను విరిచి చూచినవారికి అందలి సన్నని గొట్టములు తెలిసినవే. ఆకు పీల్చిన గాలి ఆ గొట్టములగుండ దుంపవఱకు పోవును. కాని అమ్మోనియా నీటిలోనికి పొంగినచో చేపకు విషము. దానిని మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చి మొక్కకు పథ్యము చేయు సూక్ష్మజీవులు కలవు. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వానిని వేరుచేసి చూపెను. కాని ఒకేమారు ముంచెత్తిన మాలిన్యమును ఆ కొలది జీవులు సంబాళింపలేవు. అదిగాక కుళ్ళు కుళ్ళుటకే నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోవును. ఈ జ్ఞానమునకు మేమిచ్చిన వెల ఆ ముప్పదియొక్క ప్రాణములు.

మూడవమారు పని ఫలించినది. తమిళనాట రైతులు మీన్ అమిలమని చేయుదురు. చేప వ్యర్థమునకు సమానమైన బరువు బెల్లము చేర్చి, మూతవేసిన కుండలో మూడునాలుగు వారములు ఊరనిత్తురు. అప్పుడు దుర్గంధము పోయి పండ్ల పులుపువంటి వాసన వచ్చును. ఆ ద్రవమును వడగట్టి పెరటిచెట్లకు బక్కెట్టు నీటికి ఒక చెంచా చొప్పున వాడితిమి. అడుగున మిగిలిన పిప్పిని ఎండబెట్టి, బూడిదయు జిగటమన్నును కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి, మరల ఎండనిచ్చి, నెలకు రెండేసి ఉండలను మోచేయిలోతున బురదలోనికి నొక్కితిమి. వాసన లేదు. నీరు తేటగానున్నది. రెండవనెలలో ఆకులు తొట్టి దాటి గొడుగులై లేచినవి. ఆ వేసవిలో ఆరు తొట్లలో పూచిన పూలు మా వీధిలో కథయైనవి. మిగిలిన ద్రవమును ఊరి కోనేటిలో పోసినచో అక్కడను పూలు పూయునని ఒక మిత్రుడు సలహా యిచ్చెను. మేమందులకు ఒప్పుకొనలేదు. కోనేటికి ఇప్పటికే తిండి యెక్కువైనది. అందుచేతనే గుర్రపుడెక్క దానిని కప్పివేసినది. ఆ గుర్రపుడెక్కయు ఒకనాడు పువ్వు అందముగా నున్నదని ఈ దేశమునకు తెచ్చుకొన్న మొక్కయే.

ఇక అసలు సంగతి. ప్రతి శుక్రవారము పిన్నిగారు లక్ష్మీపూజకు తామరలు కోరుదురు. అంగడిలో కొనుటకంటె ఇరుగింట కోసినవి తాజాగా నుండునని మేమే ఇచ్చుచుంటిమి. ఆ వేసవిలో ఒకనాడు ఆమె యడిగిరి: "ఇన్ని పూలు ఎలా పూయిస్తున్నావు నాయనా?"

"మంచి ఎరువు వేస్తున్నాం పిన్నిగారూ" అంటిమి.

ఇందులో అబద్ధము లేదు. ఎరువు మంచిదే. కాని ఏ యెరువని ఆమె తిరిగి అడుగకుండునట్లు మేము వెంటనే ఆమె మోకాళ్ళనొప్పినిగూర్చి మాట ప్రారంభించితిమి. ఆ సంగతి మాకు తెలియును. ఇట్లు నాలుగునెలలు గడచెను. పదునాలుగైదు శుక్రవారములు చేపను తిన్న పువ్వు ఆ దేవతాపీఠముమీద కూర్చున్నది.

బయటపెట్టినవాడు మా మనుమడు. పూలకోసము వచ్చిన ఆమెతో వాడు సంతోషముగా, "మా తాత పువ్వులకి చేప లడ్డూలు పెడతాడు, మామ్మా!" అని చెప్పి, ఎండుచున్న ఉండల పళ్ళెమును తెచ్చి చూపెను. ఆమె దానిని చూచి, చేతిలోని పూలను మెట్లపై నుంచి వెడలిపోయెను. తగవు లేదు. కోపపుమాట లేదు. తరువాతి శుక్రవారము ఆమె పనిమనిషి అంగడినుండి పూలు తెచ్చుట మేము మేడమీదనుండి చూచితిమి.

మేము మాలో చాల వాదించుకొంటిమి. వాదమునకు బలము లేకపోలేదు. అంగడి తామర యే చెరువున పూచినదో, ఆ చెరువులో నేమి కలసినదో ఎవరెరుగుదురు? చేపలులేని చెరువేది? చచ్చిన చేపను ఆ చెరువు ఏమి చేయును? తామర పేరే పంకజము. బురదనుండి పుట్టినను బురద నంటదని ఎన్నియో పురాణసభలలో ఆమె మాతోగూడ విన్నదే. తినునదియు తినబడునదియు అన్నమేయను భావము తైత్తిరీయమున కలదని పెద్దలు చెప్పగా విన్నాము. వేరు పీల్చునది చేపను కాదు, నత్రజనిని. ఆ నత్రజని పేడనుండి వచ్చినను, పీనుగునుండి వచ్చినను, మేఘమునుండి వచ్చినను ఒక్కటియే. అందులో చేపయను గుర్తేమియు మిగులదు. ఈ వాదము లన్నియు సిద్ధపరచుకొని ఒక సాయంకాలము ఆమె యింటికి పోతిమి.

ఆమె మా మాట పూర్తిగా వినిరి. అటుపిమ్మట ఇట్లనిరి: "తామర బురదలోనే పుడుతుందని నాకూ తెలుసు నాయనా. చెరువు బురదలో ఏం చచ్చిందో నేను చూడొచ్చానా? నువ్వు చూశావు. నీ చేత్తోనే పెట్టావు. పెట్టి నాకు చెప్పలేదు. పువ్వుకేం కాలేదులే."

మేము తెచ్చుకొన్న నత్రజని వాదము ఆ మాటముందు పనికిరాలేదు. ఏలయన ఆ వాదమంతయు పువ్వు పక్షమున చేసినది. అపరాధము పువ్వుది కాదు. మేము ముప్పదియేండ్లకు పైగా లెక్కల పుస్తకములు వ్రాసినవారము. తప్పు పద్దు వ్రాయుట నేరమైనట్లే వ్రాయవలసిన పద్దును వ్రాయకుండుటయు నేరమని క్రొత్తగా చేరిన కుర్రవాండ్రకు ఎన్నిమారులు చెప్పితిమో లెక్కలేదు. ఒక పువ్వు దేవునికి తగునా తగదా యని నిర్ణయించుకొను హక్కు ఆ పూజ చేయువారిది. ఆ నిర్ణయమునకు కావలసిన సంగతిని దాచినచో నిర్ణయము చేసినది మేము; పూజ మాత్రము ఆమెది. మైలయున్నదా లేదా యనుట వేరు ప్రశ్న. అందు ఆమె నమ్మకము ఆమెకును, మా నమ్మకము మాకును ఉండవచ్చును. దానికంటె ముందుగా తేలవలసిన ప్రశ్నను మేము మోకాళ్ళనొప్పి చాటున దాటవేసితిమి.

అరణ్యపర్వములోని ధర్మవ్యాధుని కథ ఇట్టి సందర్భములందు అందరికిని గుర్తువచ్చును. మాకును వచ్చినది, మొదట ఊరటగా. మిథిలలో మాంసమమ్ము ఆ వ్యాధుడు తపస్వియైన కౌశికునకు ధర్మము బోధించును. తాను స్వయముగా చంపననియు, ఇతరులు చంపినదానిని అమ్ముదుననియు చెప్పును. నాగలి దున్నునప్పుడు ఎన్ని ప్రాణులు చచ్చుచున్నవో చూడుమనును. చేపను చంపినవారము మేము కాము, వ్యర్థమునే వాడుచున్నాము, కావున మేమును ఆ వ్యాధునివంటివారమే యని కొన్నాళ్ళు అనుకొంటిమి. కాని కథను మరల తలచుకొనగా ఒక సంగతి కనబడెను. వ్యాధుడు నడిబజారున అంగడి తెరచి కూర్చుండెను. కౌశికుడు ఆ మాంసమును చూచి, ఏవగించుకొని, దూరముగా నిలువబడి, ఆపైననే అతని బోధ వినెను. వ్యాధుడు దేనిని దాచలేదు. మేము ఉండలు నొక్కునది తెల్లవారుజామున, పొరుగువారు లేవకముందు.

వ్యర్థమునే వాడుచున్నామన్న మాటలోను ఒక బొక్క కలదని మరియొకరివలన తెలిసినది. గోపాలపురము, పూరీ తీరములందు వలలు లాగు జాలరులలో తెలుగువారు పెక్కుమంది. ఒడియావారు వారిని నోళియాలందురు. అట్టి కుటుంబపు స్త్రీ యొకతె మా వీధికి గంపతో వచ్చును. మా తొట్లు చూచి మిత్రులు నలుగురైదుగురు తామరలు మొదలుపెట్టగా మా యింటి వ్యర్థము చాలదయ్యెను. బజారులో ఆమెయు, తోటివారును కోసి పారవేయునదంతయు తలలతో సహా మాకు తెచ్చియిచ్చినచో డబ్బిత్తుమంటిమి. మేమొక మేలు చేయుచున్నామనియే మా భావము.

ఆమె నవ్వి, "అదేటి బాబూ, పువ్వుకి చేప పెడతారేటి?" అనెను. తరువాత నవ్వు మాని, "పొట్టపేగులూ పొలుసూ అయితే అలాగే తెత్తాను. తలకాయలు మాత్రం అడక్కండి. చేప కొనలేనోళ్లు తలకాయలు కొనుక్కెళ్తారు. మిగిల్తే మా యింట్లో పులుసెడతాం. మీరు డబ్బులిత్తే నాకు మంచిదే. ఆలికి ఏటుంటాది?" అనెను.

మేమంతవరకు వ్యర్థమనుచున్నది ఇంకొకరి కూర. మా కళ్ళకు తల వ్యర్థము, ఏలయన మా యింట తల తినరు. మా బంగాళాదుంప తొక్కను చూచి ఇంకొకరు ఇట్లే అనుకొనవచ్చును. అందమునకై పెంచు పువ్వుకొరకు మేము కొలది డబ్బెక్కువ పెట్టి, కడుపునకై వెదకుకొనువారి గిన్నెలోనిది లాగుకొనబోతిమి. అదియు వృథాను అరికట్టుచున్నామను మంచిపేరుతో.

వెలలేని దానికి వెల వచ్చినప్పుడు ఏమగునో చరిత్రలో కనబడుచునేయున్నది. జపానులో తోకుగావా ప్రభువుల కాలమున ప్రత్తిచేలకు ఎండబెట్టిన కవళ్ళజాతి చేపలను ఎరువుగా వేసిరి. అక్కడ చేప తినగా మిగిలినదానితో సరిపెట్టలేదు. ఎరువుకొరకే చేపను పట్టిరి. మన దేశమున 1907 ప్రాంతమున ఫ్రెడరిక్ నికల్సన్ దొరగారి ఆధ్వర్యమున మద్రాసు మత్స్యశాఖ ఆరంభమైనది. మలబారు, దక్షిణ కన్నడ తీరములందు కవళ్ళు రాసులుగా పడి తీరమున కుళ్ళుచుండుటచూచి, వానిని ఉడికించి నూనె తీసి, పిప్పిని ఎరువుగా చేయు పద్ధతిని ఆ శాఖవారు జాలరులకు నేర్పిరి. అది వృథాను తప్పించుటకే. మంచి పనియే. నేడు ఆ పడమటితీరముననే చేపపిండి కర్మాగారములు వెలసినవి. ఇంకను పెరుగవలసిన పిల్లచేపలు సైతము వానిలో పడుచున్నవని మత్స్యశాస్త్రజ్ఞులు చాలకాలముగా హెచ్చరించుచున్నారు. ఆ పిండి రొయ్యల మేతలో కలియుచున్నది. మన ఆంధ్రతీరపు చెరువులును అందులకు మినహాయింపు కాదు. మిగిలినదానిని వాడుకొనుటకు పెట్టిన యంత్రము తుదకు మిగులనిదానిని కోరును. ఆరు తొట్ల గృహస్థునకు ఇంత దూరపు తర్కమెందుకని కొందరు నవ్వవచ్చును. కాని మేము ఆ జాలరిస్త్రీకి డబ్బు చూపినప్పుడు చేసినది ఆ కర్మాగారపు పనియే, చిన్న కొలతలో.

నాటినుండి తలలడుగుట మానితిమి. పేగులకును పొలుసునకును ఆమెకు ఏదో కొంత యిచ్చుచున్నాము. వానినైనను పూర్వము కొంగలు తినెడివి. కొంగల పక్షమున వాదించుటకు ఎవరును రాలేదు గనుక ఆ పద్దును అట్లే వదలితిమి.

మా కుడివైపు ఒడియా బ్రాహ్మణ కుటుంబమునకు మాకును పిన్నిగారికిని నడుమ వచ్చిన ఈ తగవు వింతగా తోచినది. వారియింట చేప నిషిద్ధము కాదు. నిషిద్ధమైన కాలము మాత్రము కలదు. కార్తికమాసమంతయు వారు చేపను విడుతురు. ఆ మాసపు కడపటి అయిదు దినములను బక పంచుకమందురు. ఆ అయిదు దినములు కొంగ సైతము చేపను ముట్టదని ఇచటి నమ్మకము. పూర్ణిమ మరునాడు ఛాడఖాయి. ఆనాడు ఊరంతయు మాంసమునకును చేపకును ఎగబడును. జాలరిస్త్రీ గంప మధ్యాహ్నమునకే ఖాళీ. పేగులు కావలసినన్ని. కాని అప్పటికి చలి ప్రవేశించి తామర ఆకులు పండి, దుంప నిద్రించుటకు సిద్ధమగును. దానికి తిండి అక్కరలేదు. ఊరు ఉపవాసమున్నప్పుడు మాకు ఎరువు దొరకదు. ఎరువు దొరకినప్పుడు తామరకు ఆకలి లేదు. ఈ లెక్క కుదిర్చినదెవరో కాని, మా ఆఫీసు బడ్జెట్టు ఏనాడును ఇంత చక్కగా కుదరలేదు.

ఇక పిన్నిగారి విషయము. క్షమాపణ వేడితిమి; ఆమె "సరేలే" అనిరి. అంతమాత్రమున పని తీరలేదు. మేడమీద ఒక తొట్టిని ఖాళీచేసి, మన్ను మార్చి, ఏడాది మాగిన పేడయెరువును వేపపిండియును వేసి, వేరొక దుంప నాటితిమి. దానిని అందరును పిన్నిగారి తొట్టి యందురు. దాని పూలు చిన్నవి, సంఖ్య తక్కువ. ఇట్లుండగా మా మనుమనికి గాజుతొట్టిలో రంగుచేపల పెంపకము అలవాటైనది. వారమున కొకమారు ఆ నీటిలో పావువంతు తీసి క్రొత్తనీరు పోయవలెను. తీసిన నీటిలో చేపల మలమూత్రములనుండి వచ్చిన నత్రజని యుండును. అది అప్పటికే సూక్ష్మజీవులచేత నైట్రేటుగా మారియుండును గనుక మొక్కకు వెంటనే అందును. చావు లేదు, కోత లేదు. ఆ నీటిని పిన్నిగారి తొట్టిలో పోయవచ్చునా యను సందేహము కలిగెను. ఈమారు మేము పోయకముందే పోయి అడిగితిమి.

ఆమె వెంటనే చెప్పలేదు. రెండుదినములు ఆలోచించిరి. పిమ్మట కబురు పంపిరి: "బతికున్న చేప ఈదిన నీళ్లేగా. చెరువులో ఉండేదీ అదే. పోయమను." చచ్చినదానికిని బ్రతికినదానికిని నడుమ ఆమె గీచిన గీత సరియైనదో కాదో మేము చెప్పజాలము. సురపాలుడు ఒప్పుకొనడు. నత్రజనియు ఒప్పుకొనదు. గీత మాత్రము ఆమెది. ఏది యెటువైపుననున్నదో చెప్పుట మా వంతు.

గత శుక్రవారమున అయిదు తొట్లలో కలిపి తొమ్మిది పూలు విచ్చినవి. పిన్నిగారి తొట్టిలో మొగ్గ యొక్కటియే. అది ఇంకను రెండుదినములకుగాని విచ్చదు. ఆమె మనుమరాలి చేయి పట్టుకొని మెల్లగా మెట్లెక్కి వచ్చి, ఆ తొమ్మిదింటిని చూచి బాగున్నవనిరి. తన మొగ్గను వ్రేలితో తాకి చూచి, ఆదివారము వత్తునని చెప్పి దిగిపోయిరి.